పెరడు పోయినవాళ్లకు పార్కు బెంచీ చాలదు

ఖాళీగా పడివున్న ఊరుమ్మడి జాగా గురించి మాట్లాడేటప్పుడు మన పట్టణాల్లో రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి ఆక్రమణ, రెండోది సుందరీకరణ. పక్క గుడిసెలోని ఆడమనిషి అక్కడ నాలుగు గోంగూర మొక్కలు వేసి, ఒక సొరపాదు పెడితే అది ఆక్రమణ. మున్సిపాలిటీ ఇనుప కంచె కట్టి, గడ్డి పరిచి, సిమెంటు జింకబొమ్మను నిలబెడితే అది సుందరీకరణ. ఆ చుట్టుపక్కల బతికే స్త్రీలు కలిసి కూరగాయలు పండించుకునే ఉమ్మడి తోట అనే మూడో దారి కూడా ఉంది. దాని పేరెత్తగానే అధికారులు నవ్వుతారు. కాలనీ పెద్దలు కోప్పడతారు. మన సంఘాల్లోనే కొందరు 'కూలి, హింస, కట్నం సమస్యలుండగా ఇప్పుడీ తోటల గొడవ ఎందుకు? ఇది మేడమీద కుండీలు పెట్టుకునేవాళ్ల సరదా' అంటారు. నవ్వేవాళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు మనవాళ్లకు జవాబు చెప్పాలి.

ఖమ్మం నగరంలో భాగమైన ఖానాపురం హవేలినే తీసుకోండి. పేరులోని 'హవేలి' అనే మాట పాత రెవెన్యూ లెక్కల్లో సర్కారు తన సొంతానికి ఉంచుకున్న భూములకు వాడిన మాట. అంటే భూమి ఎవరిదన్న ప్రశ్న పేర్లలోనే నాటుకుపోయిన ప్రాంతం ఇది. చాలాకాలం పంచాయతీగా ఉన్న ఈ ఊరు, 2012లో ఖమ్మం మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినప్పుడు నగరంలో కలిసింది. ఊరు నగరమైతే అందరికీ మంచిదేనని చెబుతారు. రోడ్లు వస్తాయి, జాగాల ధరలు పెరుగుతాయి. జాగా ఉన్నవాడికి పెరుగుతాయి, నిజమే. జాగా లేని ఆడదానికి ఏం జరుగుతుందో ఎవరూ లెక్క రాయలేదు.

మనమే రాద్దాం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. 2006లో అది అమల్లోకొచ్చిన మొదటి విడత జిల్లాల్లో ఖమ్మం ఒకటి. మగవాళ్లతో సమానమైన కూలి, పని పొందేవాళ్లలో కనీసం మూడోవంతు స్త్రీలు ఉండాలన్న నియమం - ఎన్ని లోపాలున్నా ఆ చట్టంలో మనం పట్టుకోగలిగిన కొస అది. పంచాయతీ బోర్డు తీసేసి కార్పొరేషన్ బోర్డు పెట్టిన చోట ఆ హామీ చట్టప్రకారమే లేకుండా పోయింది. గ్రామసభ పోయింది. మేకలు మేపుకునే బంజరు, పుల్లలు ఏరుకునే కుంటగట్టు, ఊరి కింద ఉన్న ఉమ్మడి నేల అంతా పట్టణపాలన లెక్కలోకి వెళ్లింది. అన్నిటికన్నా చప్పుడు లేకుండా పోయింది పెరడు.

పెరడు అంటే తేలిగ్గా తీసెయ్యకండి. పట్టా ఎవరి పేరున్నా, పొలం మీద పెత్తనం ఎవరిదైనా, ఇంటి వెనక జాగాలో ఏం వెయ్యాలో నిర్ణయించింది ఆడవాళ్లే. బచ్చలి తీగ, రెండు మిరపచెట్లు, కరివేపాకు, మునగ, అంట్లు కడిగిన నీళ్లు పారే చోట తోటకూర. సంతకు డబ్బు లేని రోజు కూర అక్కణ్నుంచే వచ్చేది. మొగుడిని అడగకుండా, షాపువాడి దగ్గర అప్పు పెట్టకుండా వచ్చేది. ఆ పెరడు ఏ సర్వేలోనూ ఆస్తిగా నమోదు కాలేదు కాబట్టి, పోయినప్పుడు నష్టంగా కూడా నమోదు కాలేదు. డెబ్బై అయిదు గజాల్లో మూడు వాటాలు వేసి అద్దెకిచ్చే ఇళ్లలో పెరడు ఉండదు. మిరప కోతలకు, ఇళ్లలో పాచిపనికి, తాపీపనికి పోయి వచ్చే ఆడమనిషి రోజు కూలిలోంచి కొత్తిమీర కట్టకు కూడా పైసలు తీయాలి.

అందుకే ఖాళీ జాగాలో తోట అడగడం సరదా అనేవాళ్లతో నాకు పేచీ. ఇది పోయినదాన్ని తిరిగి అడగడం.

జాగా ఎక్కడుందని అడుగుతారు. ఉంది. అనుమతి పొందిన ప్రతి లేఅవుట్‌లో పది శాతం నేలను ఉమ్మడి అవసరాలకు వదిలి, స్థానిక సంస్థ పేర దానపత్రం రాసివ్వాలన్నది మన రాష్ట్రంలో పాతుకుపోయిన నిబంధన. వ్యాపారి ఆ నేలను కాగితం మీద పార్కు అని రాస్తాడు. ఇళ్లు లేచేదాకా అది సర్కారు తుమ్మ, వయ్యారిభామ, చెత్త సంచులతో నిండి ఉంటుంది. ఆ తర్వాత మెల్లగా అందులో ఒక గుడి, ఒక సంఘ భవనం, ఒక మూల ఎవరిదో కారు షెడ్డు వెలుస్తాయి. వాటిని ఆక్రమణ అనడానికి నోళ్లు రావు. గోంగూర మడిని అనడానికి మాత్రం వస్తాయి.

అనుమతి లేని లేఅవుట్ల సంగతి ఇంకా విచిత్రం. అక్కడ వ్యాపారి పది శాతం వదలలేదు. ప్లాట్లన్నీ అమ్ముకుని పోయాడు. తర్వాత ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం పెట్టి, ఖాళీ జాగా వదలనందుకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతం రుసుము కట్టమంది. నేల పోయిన చోట డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ఆ వార్డులోనే ఎక్కడైనా జాగా కొన్నారా? ఖజానాలో కలిసిందా? రుసుము కట్టింది ప్లాటు యజమాని. ఆడుకునే నేల పోయింది అక్కడ అద్దెకుండే కూలివాళ్ల పిల్లలకు. ఈ లెక్క అడిగే హక్కు మనకుంది.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత ప్రజాప్రతినిధుల మీద పెట్టింది. 2020లో పట్టణ ప్రగతి మొదలుపెట్టి, పట్టణాల్లో ప్రకృతి వనాలు వేయించారు. మంచిదే, చెట్టును ఎవరు కాదంటారు? కానీ చట్టం లెక్కపెట్టేది బతికిన మొక్కల్నే. ఆ మొక్కకు నీళ్లు పోసే ఆడమనిషి ఏం తిని బతుకుతున్నదో లెక్కలో లేదు. నాటేవి కూడా ఎక్కువగా నీడచెట్లు, పూలమొక్కలు, కంచెకు రంగాకులు. కూరాకు వెయ్యరు. కూరాకు వేస్తే కోసుకుపోతారట! కోసుకుపోవడానికే కదా వేసేది.

ఆ చట్టమే ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు వేయమంది. అందులో ఒకటి మహిళలది. 2021లో ఎన్నికైన ఖమ్మం కార్పొరేషన్ పాలకవర్గానికి మేయర్ కూడా మహిళే. కుర్చీలు మనకు కొత్తకాదు. కానీ వార్డు మహిళా కమిటీకి ఒక్క గజం నేల మీద నిర్ణయాధికారం ఇచ్చినట్టు చట్టంలో ఎక్కడా లేదు. మొక్కలు నాటే రోజున ఫోటోకు పిలవడానికి, బతుకమ్మ పండుగకు ఏర్పాట్లు చేయడానికి కమిటీ పనికొస్తుంది. గేటు తాళం చెవి మాత్రం ఇంకెవరి జేబులోనో ఉంటుంది.

ఆడవాళ్లకు నేల మీద నిర్ణయం వదిలితే ఏమవుతుందో చూడటానికి విదేశాలకు పోనక్కరలేదు. జహీరాబాద్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో పని మొదలుపెట్టింది. అక్కడి సంఘాల్లో అత్యధికులు దళిత స్త్రీలు, భూమి లేనివాళ్లు, లేదా ఎందుకూ పనికిరాదని తమకు అంటగట్టిన చౌడునేల ఉన్నవాళ్లు. ఆ పడావు భూముల్ని వాళ్లు కలిసి బాగుచేశారు, కలిసి కౌలుకు తీసుకుని దున్నారు. 1990లలో ఆ బీళ్లలో పండిన జొన్నలతో ఊళ్లోనే ధాన్య నిధి పెట్టి, ఆకలిగొన్న ఇళ్లేవో తామే గుర్తించి, తక్కువ ధరకు పంచారు. రేషన్ దుకాణంలో తిండిగింజలంటే ప్రధానంగా బియ్యమే దొరికే కాలంలో ఇది జరిగింది. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అది పల్లె, ఇది పట్నం కదా అంటారు. ఎకరాలు గజాలవుతాయి, జొన్న పోయి తోటకూర వస్తుంది, అంతే. ఏం వెయ్యాలి, ఎవరికి ముందు పంచాలి అనేది స్త్రీలే కూర్చుని తేల్చుకోవడం మారనక్కరలేదు.

కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ కూడా ఇదే చెబుతుంది. అక్కడ స్త్రీలు చిన్న చిన్న బృందాలుగా బీడు భూములు కౌలుకు తీసుకుని వరి, అరటి, కూరగాయలు వేస్తున్నారు. బృందం పేర బ్యాంకు అప్పు పుడుతుంది. మనకూ 2007 నుంచి మెప్మా ఉంది, బస్తీ సమాఖ్యలున్నాయి, పొదుపు పుస్తకాలున్నాయి. అప్పు తీసుకోవడానికీ, మీటింగులకు జనాన్ని తేవడానికీ పనికొచ్చే సమాఖ్య, వార్డులోని ఖాళీ జాగాను పదేళ్ల కౌలుకు తీసుకోవడానికి ఎందుకు పనికిరాదు?

కాగితం సంగతి గట్టిగా మాట్లాడుకోవాలి. 'ముందు తోట వేయండి, కాగితాలు తర్వాత చూద్దాం' అనే తియ్యటి మాటకు లొంగితే ఏమవుతుందో ఇతర దేశాల స్త్రీపురుషులు అనుభవించి ఉన్నారు. న్యూయార్క్‌లో 1970లలో ఇళ్ల యజమానులు వదిలేసి పోయిన, కాలిపోయిన జాగాల్లో పేదపేటల జనం తోటలు వేసుకున్నారు. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె సహచరులు ఒక మూల స్థలంలో చెత్త ఎత్తిపోసి మొదలుపెట్టిన తోటకు మరుసటి ఏడాది నగరపాలన నెలకు ఒక డాలరు అద్దెకు అనుమతి ఇచ్చింది. పేటలు బాగుపడ్డాయి. ధరలు పెరిగాయి. 1999లో అదే నగరపాలన వందకు పైగా తోటల్ని వేలానికి పెట్టింది. జనం వీధుల్లోకి వచ్చారు, అరెస్టయ్యారు. చివరి ఘడియలో రెండు సంస్థలు డబ్బు కట్టి కొంటేగాని అవి దక్కలేదు. లాస్ ఏంజిలస్‌లో ఆ అదృష్టం కూడా లేదు. 14 ఎకరాల్లో మూడొందలకు పైగా లాటిన్ అమెరికన్ కుటుంబాలు మొక్కజొన్న, కాక్టస్, మందుమొక్కలు పెంచుకున్న తోటను 2006 జూన్ 13న పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించి, బుల్డోజర్లతో దున్నించారు. ఆ నేల ఆ తర్వాత ఏళ్ల తరబడి ఖాళీగానే పడివుంది. కాగితం లేని తోటమాలి, జాగా ధర పెరిగేదాకా జీతం లేని కాపలాదారు. ఇందులో అమెరికా ప్రత్యేకత ఏమీ లేదు.

మన పక్కనే ఉన్న అడవి ఇదే చెబుతుంది. ఖమ్మం దాటి కొత్తగూడెం, భద్రాచలం వైపు పోతే, పోడు కొట్టి జొన్న, కంది వేసిన కోయ స్త్రీ ఆక్రమణదారు. అదే నేలలో నీలగిరి, టేకు వరుసలు పెట్టిన శాఖ అడవిని కాపాడినట్టు. 2022 జులైలో మంచిర్యాల జిల్లా కోయపోచగూడెంలో పోడు కోసం నిలబడ్డ ఆదివాసీ స్త్రీలను ఈడ్చిన దృశ్యాలు అందరం చూశాం. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి ట్రాక్టర్లతో పోయిన అటవీ అధికారిణిని కర్రలతో కొట్టిందీ చూశాం. పైవాళ్లు కాగితాలు తేల్చకుండా వదిలేసిన తగాదాలో అటూ ఇటూ దెబ్బలు తిన్నది ఆడవాళ్లే. అయినా ఆ అడవి స్త్రీల పోరాటం నుంచి పట్నం స్త్రీలు నేర్చుకోవలసినది ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. ఇల్లు నడిపేది ఒంటరి స్త్రీ అయితే ఆమె పేరే ఉండాలి. అమలు ఎంత కుంటినడకైనా, చట్టంలో ఆ వాక్యం ఉంది. పట్టణ ఖాళీ జాగాల విషయంలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

మనలో మనం దాచుకోకూడని మాటలు కొన్ని ఉన్నాయి. 'కమ్యూనిటీ' అన్న మాట కింద కులం హాయిగా దాక్కుంటుంది. బోరు దగ్గర ఎవరు ముందు బిందె పెట్టాలో తేలని చోట ఉమ్మడి మడికి నీళ్లు ఎవరు వదులుతారు? దళిత స్త్రీ పండించిన పాలకూర పక్క వీధివాళ్లు తీసుకుంటారా? కాలనీ సంక్షేమ సంఘాల్లో సభ్యత్వం ప్లాటు యజమానులకే. అద్దెకున్నవాళ్లకు, పాచిపనికి వచ్చేవాళ్లకు ఓటు లేదు. తోట ఆ సంఘాల చేతిలో పెడితే చాకిరీ పనమ్మాయిది, ఆకుకూర అమ్మగారిది అవుతుంది. అందుకే తోట సభ్యత్వం ప్లాటును బట్టి ఉండకూడదు. ఆ వార్డులో ఉంటూ, ఇంట్లో సాగునేల లేని స్త్రీకి మొదటి వంతు రావాలి. నీళ్లు పోసే పనికి కూలి పచ్చదనం బడ్జెట్ నుంచే రావాలి. 'మీ తోటే కదా, మీరే చేసుకోండి' అని జీతం ఎగ్గొట్టడం మనం ఎరగని ఎత్తు కాదు. అంగన్‌వాడీలు, ఆశాలు అదే ఎత్తుతో ఇన్నేళ్లూ పోరాడుతున్నారు.

మట్టి సంగతి కూడా. ఏళ్ల తరబడి చెత్త, పాత బ్యాటరీలు, ఆసుపత్రి వ్యర్థాలు పడిన నేలలో వెంటనే కూరాకు వేసి పిల్లలకు పెట్టడం తెలివి కాదు. పై మట్టి తీయించడం, పరీక్ష చేయించడం, కొత్త మట్టి, పెంట ఎరువు తోలించడం కార్పొరేషన్ బాధ్యత. ప్రకృతి వనానికి ట్రాక్టర్లు దొరికినప్పుడు దీనికి దొరకకపోవడానికి కారణం లేదు.

ఇక చేయవలసిన పని. సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. అడగవలసినవి: మా డివిజన్‌లో లేఅవుట్ల కింద దానపత్రంతో వచ్చిన ఖాళీ స్థలాలు ఎన్ని, సర్వే నంబర్లు, గజాలు ఎంత? ఈ రోజు వాటిలో ఏముంది? ఖాళీ జాగాకు బదులుగా వసూలైన 14 శాతం రుసుము మొత్తం ఎంత, ఎక్కడ ఖర్చయింది? వార్డు మహిళా కమిటీ సభ్యుల పేర్లు, వాళ్లు కూర్చున్న సమావేశాల తేదీలు ఏవి? దరఖాస్తు తెలుగులో, ఒక్కొక్కరుగా కాక బస్తీకి పదిమంది చొప్పున వేయండి. జవాబులు వచ్చాక ఆ కాగితాలు పట్టుకుని, టేపు తీసుకుని, స్థలాల దగ్గరికి మనమే పోయి కొలుద్దాం.