కొలువొక చోట, కాపురమొక చోట

మదనపల్లె బస్సు స్టాండులో ఉదయము ఏడు గంటలకు నిలిచి చూచినవారికి ఒక వింత గోచరించును. పల్లెలనుండి వచ్చిన బస్సులలోనుండి కూలివారును, కళాశాల విద్యార్థులును దిగుచుండగా, ఆ బస్సులలోనే పల్లెలకు పోవుటకై చేతిసంచియు అన్నపు క్యారియరును పట్టుకొని ఉపాధ్యాయులును, నర్సులును, పంచాయతీ ఉద్యోగులును ఎక్కుచుందురు. సాయంత్రము ఇదియే తలక్రిందులుగా జరుగును. పల్లెలో పని, పట్టణములో కాపురము. ఇది తగునా, తగదా యను ప్రశ్నను గూర్చి మా యభిప్రాయమును ఈ సంచికలో చదువరుల యెదుట నుంచదలచితిమి. ఆరు సంవత్సరములు మేమును ఆ గుంపులో నిలిచినవారమే గనుక, పరులను నిందించుటకు పూనుకొనలేదని మొదటనే మనవి చేయుచున్నాము.

శిక్షణ కళాశాలను విడిచిన పిమ్మట మాకు దొరకిన మొదటి పని పుంగనూరు దాటిన యొక పల్లెలోని ఉన్నత పాఠశాలలో. పుంగనూరు వరకు ఒక బస్సు, అచ్చటనుండి మరియొక బస్సు. మేము మదనపల్లెలో కాపురము పెట్టితిమి. కారణములు చెప్పుట కష్టము కాదు. మా భార్య ఆ పట్టణములో నర్సు. పిల్లలకు బడి దగ్గర. గ్రంథాలయము గలదు, ఆదివారము పాడుటకు గాయక బృందము గలదు, సాయంత్రము నడచుటకు దీపములున్న వీధులు గలవు. మదనపల్లె చిన్నదే గాని దానికొక గర్వము గలదు. 1895 లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరది. 1919 లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి థియోసాఫికల్ కళాశాలకు వచ్చి, తన 'జనగణమన' గీతమును తానే ఆంగ్లములోనికి మార్చిన ఊరది. అట్టి యూరిని విడిచి, రాత్రి ఎనిమిదింటికి తలుపులు మూసికొను పల్లెకు పోవుటకు మాకు మనస్సు రాలేదు. పుంగనూరి ప్రాంతమునకును తన కీర్తి లేకపోలేదు. ఆ సీమ పొట్టి యావులను దేశమంతయు ఎరుగును. కాని ఆవులను చూచుటకై యెవరు కాపురము మార్చుదురు?

రాకపోకలకు దినమునకు మూడు గంటలు పట్టెడిది. పాఠశాలకు ఏటా 220 పనిదినములనుకొన్నచో 660 గంటలు, అనగా ఇరువదియేడు అహోరాత్రములకు పైమాట. ఆరు సంవత్సరములకు 165 దినములు! దాదాపు అర్ధ సంవత్సరమును మేము పల్లెవెలుగు బస్సు కిటికీ యొద్ద గడపితిమి. అందులో పుస్తకములు చదివితిమని చెప్పుకొనుట మాకు అలవాటు. నిజమునకు నిద్రించితిమి.

అయినను గంటల నష్టము చిన్న నష్టము. 2010 ప్రాంతమున మా తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక యుండెను. లెక్కలలో దిట్ట. ఒక సోమవారము బడికి రాలేదు, మంగళవారమును రాలేదు. జ్వరమేమో యనుకొంటిమి. గురువారము తోటి పిల్లలు చెప్పిరి, ఆమెకు వివాహము నిశ్చయమైనదని. పదునెనిమిది సంవత్సరములు నిండని బాలికకు వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. ఆ సంగతి మేము తరగతిలో బోధించినదే. మధ్యాహ్నపు విరామములో ఇంటికి పోతిమి. తల్లి యొక్కతె వాకిట నుండెను. ముందుగా మాకొక మాట చెప్పరాదా యని అడిగితిమి. ఆమె కోపముతో గాక, ఉన్న సంగతి చెప్పునట్లు ఇట్లనెను: "ఎప్పుడు చెప్పేది అయివోరా? మీరు నాలుగున్నర బస్సుకే పోతారు గదా. మేము చేనికాడినించి వచ్చేసరికి ఆరవుతాది."

ఊరిలోని చిల్లర అంగడివానికి ఆ సంబంధము సంగతి పదిదినములుగా తెలియును. పాలుపోయు వానికి తెలియును. తెలియనివారము మేమే. అధికారులకు తెలుపుటకై మేము పుంగనూరు పోవునప్పటికి పెండ్లివారు బాలికను బంధువుల యూరికి తీసికొనిపోయిరి. ఆమె మరల బడికి రాలేదు. ముందొక సాయంత్రము ఆ యరుగు మీద కూర్చుండి మాటలాడియున్నచో ఆ వివాహము ఆగియుండునని మేము ప్రమాణము చేయజాలము. మాటలాడుటకు మేము అచ్చట లేమనుట మాత్రము నిజము.

దూర ప్రయాణమును గూర్చి విద్వాంసులును కొంత పరిశోధించిరి. 2004 లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఉద్యోగము చేయు 909 మంది స్త్రీలను వారి దినచర్యను గూర్చి ప్రశ్నింపగా, అన్నిటికంటె తక్కువ సంతోషమిచ్చునది ఉదయము పనికి పోవు ప్రయాణమేనని తేలెను. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు జర్మనీ దేశపు లెక్కలను పరిశీలించి, దూరము పోవువారికి జీతము వలనగాని, మంచి యింటి వలనగాని ఆ కష్టమునకు తగిన ప్రతిఫలము దొరకుట లేదని 2008 లో వ్రాసిరి. ప్రయాణికుడు ఇంటిని చూచి మురియును గాని, దారిని లెక్కలో వేసికొనడని దాని తాత్పర్యము. అయితే ఈ విద్వాంసులందరును పోవువాని సుఖమునే తూచిరి. అతడు విడిచిపోయిన ఊరికి ఏమి తక్కువైనదో వారు అడుగలేదు.

మరుసటి సంవత్సరము ఆ పల్లెలోనే యుండ నిశ్చయించితిమి. ఇచ్చట మరియొక సత్యమును దాచక చెప్పవలెను. ఉపాధ్యాయుడు ఊరిలోనే యుండవలెనని సభలలో ఉపన్యసించువారు పలువురు. అతనికి ఇల్లు అద్దెకిచ్చువారు కొందరే. ఖాళీగానున్న మూడిండ్లను మేము అడిగితిమి. మూడు చోట్లను అద్దె మాటకు ముందు వచ్చిన ప్రశ్న, "మీరేమిట్లు?" అనునదే. మా సమాధానము విన్న పిమ్మట ఒక యింటికి వెంటనే మరమ్మతులు అవసరమాయెను, మరియొక యింటికి అల్లుడు రాబోవుచుండెను. మూడవ యింటి ముసలియవ్వ మాత్రము తాళపుచెవి చేతిలో పెట్టి, నీళ్ల కొళాయి ఎప్పుడు వచ్చునో చెప్పెను. ఒంటరిగా నుండు ఉపాధ్యాయినులకు ఈ చిక్కు రెండింతలు. కనుక బస్సెక్కు ప్రతివానిని సోమరియని తలంచుట అన్యాయము. అదియుగాక ప్రభుత్వ సేవలో ఇంటి అద్దె భత్యమును పనిచేయు స్థలమును బట్టి యిత్తురు. పల్లెలో పనిచేయువాడు పల్లె భత్యముతో పట్టణపు అద్దె చెల్లించును. ఆ నష్టమును సహించియు అతడు పట్టణములోనే యున్నాడనిన, కారణము బలమైనదే యైయుండవలెను.

ఆ యింటిలో నాలుగు సంవత్సరములుంటిమి. మొదటి మాసములో ఎవరును రాలేదు. పిమ్మట రాత్రి భోజనములైన తరువాత తండ్రులు వచ్చుట మొదలు పెట్టిరి. ఫారములు నింపించుకొనుటకు కొందరు, కుమారుని బెంగుళూరు పనికి పంపవలెనా, పదవ తరగతి వరకు ఆపవలెనా యని అడుగుటకు కొందరు. పగటివేళ బడికి పిలిపించినచో ఒక దినపు కూలి పోగొట్టుకొని భయపడుచు వచ్చువారే, రాత్రి అరుగు మీద తీరికగా మాటలాడిరి. ఆ నాలుగు సంవత్సరములలో నలుగురైదుగురు పిల్లలు బడిలో నిలిచినది ఆ యరుగు వలననే యని మా నమ్మకము. కాని చదువరులారా, ప్రయాణము మా యింటినుండి తొలగిపోలేదు. అది మా భార్య మీదికి మారినది. ఉదయము ఆరున్నర బస్సుకు ఆమె మదనపల్లె పోవుచుండగా, మేము పండ్లు తోముకొనుచు వాకిట నిలిచి సాగనంపెడివారము. మా గృహమున ఈ విషయమై జరిగిన సంభాషణలను ఇచ్చట ప్రకటించుట అనవసరము.

పనివారు పని దగ్గర నుండవలెనని నిజముగా కోరినవారు ఏమి చేసిరో మన సీమలోనే చూడవచ్చును. మదనపల్లెకు వెలుపల ఆరోగ్యవరమున పలు మిషనులు కలిసి స్థాపించిన క్షయవైద్యశాల 1915 లో ప్రారంభమాయెను. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధిపతి. ఊరికి దూరముగా, మంచి గాలికై ఎంచుకొన్న స్థలమది. వైద్యులకును, నర్సులకును ఆవరణలోనే ఇండ్లు కట్టిరి. రిషి వ్యాలీలోను ఉపాధ్యాయులు విద్యార్థులతో కూడ లోయలోనే నివసింతురు. భార్యాభర్తలిద్దరికిని ఒక్కచోటనే పని దొరకుట ఇట్టి స్థలములలో గల మరియొక సదుపాయము. అయితే ఆవరణలకును ఒక లోపము గలదు, గోడ. గోడలోపల నూరేండ్లున్నను ప్రక్క ఊరివారి పేర్లు తెలియని కాంపౌండులను మేమెరుగుదుము. మిషను కాంపౌండులో పెరిగిన మేము ఈ మాట చెప్పుటలో తప్పులేదనుకొందుము.

ఇంతవరకు పల్లెకు పోవువారి సంగతి చెప్పితిమి. మన హాస్టలులోని కుప్పము పిల్లలకు దీనికి ఎదురైన సంగతి తెలియును. కుప్పమునుండి బెంగుళూరు రైలుమార్గమున సుమారు నూరు కిలోమీటర్లు. సీజను టిక్కెట్టుతో వేకువనే బయలుదేరి, బంగారుపేట, మాలూరు దాటి, చీకటిపడిన తరువాత తిరిగి వచ్చు తండ్రులు వారిలో కొందరికి గలరు. పొరుగున కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడిన తరువాత అచ్చటి కుటుంబములనుండియు వేలమంది ఇట్లే దినదినము రైలెక్కి బెంగుళూరు పోవలసివచ్చినది. వీరిని ఊరి దగ్గరనే యుండుడని చెప్పుట పరిహాసము. పని వారిని విడిచి పోయినది. నగరపు అద్దె వారికి అందదు. వీరి ప్రయాణము ఇంటిని నిలుపుటకు చేయు ప్రయాణము. ఆదివారమునాడు మాత్రమే తండ్రి ముఖమును తీరికగా చూచు బాలుడు ఈ భేదమును గ్రహించునని నమ్ముచున్నాము.

కావున మా యభిప్రాయమిది. లెక్కల పుస్తకముతోను, యంత్రముతోను పనిచేయువాడు ఎచ్చటనుండి వచ్చినను పుస్తకమునకు కొరతలేదు. కాని బోధకుడు, నర్సు, వైద్యుడు, వీరి పనిలో సగము ఊరివారు చేనినుండి తిరిగి వచ్చిన తరువాత మొదలగును. వీరు ఊరిలో నుండవలెను. వీరినట్లు కోరు హక్కు మాత్రము, నివాసయోగ్యమైన ఇల్లు చూపినవారికే గలదు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రములో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము ప్రారంభమాయెను. దాని వలన టిక్కెట్టు వ్యయము తగ్గినది, గంటలు తగ్గలేదు. గ్రామమునకు బడి మంజూరైనప్పుడు, దానితో కూడ రెండు మూడు ఇండ్లును మంజూరు కావలెనని తల్లిదండ్రులు అడుగవలెను. తరగతి గదికి నల్లబల్ల ఎంత అవసరమో, ఆ ఇండ్లు అంత అవసరమని మేము తలంచుచున్నాము.

ఈ సంవత్సరము మా పూర్వ విద్యార్థినియొకతె పుంగనూరు ప్రాంతమున ఉపాధ్యాయినిగా చేరినది. పల్లెలోనే యుండుటకు ఆమెకు ఇష్టము గలదు. బడికి దగ్గరగా రెండు గదుల ఇల్లొకటి ఖాళీగా నున్నదట. ఇంటి యజమాని ఆమెను గూర్చి పాత ప్రశ్ననే అడిగెనని వ్రాసినది. వచ్చు శనివారము ఆయనతో మాటలాడుటకు మేము పోవుచున్నాము.