వాల్తేరు చదువు

గోదావరి సీమనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కుమార్తెకు వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రము చదువుటకు ప్రవేశము లభించినదట. తండ్రికి ఇష్టమే గాని వ్యయమునకు వెనుదీయుచున్నాడు. నాయనమ్మ మాత్రము “పెండ్లి కావలసిన పిల్ల, ఆ సముద్రపుటొడ్డున ఎవరి కంటిక్రింద ఉండును?” అని రెండు దినములుగా అన్నము సరిగా ముట్టుట లేదట. తల్లి తన మెడలోని గొలుసు తాకట్టు పెట్టుటకైనను సిద్ధముగానే యున్నది. “అత్తగారి మాట త్రోసివేసి పంపుట తగునా?” అని మమ్మడిగినది. ఇట్టి జాబులు ఏటేట మాకు వచ్చుచునే యుండును. కావున ఆమెకిచ్చు సమాధానమును ఈ మాసము సోదరీమణులందఱి యెదుటను ఉంచుచున్నాము.

ముందుగా ఒక మాట. ముసలమ్మగారి ప్రశ్న వెఱ్ఱి ప్రశ్న కాదు. ఆడపిల్ల ఎక్కడ ఉండునని ఒకప్పుడు విశ్వవిద్యాలయపు పెద్దలే అడిగిరి. 1926 లో బెజవాడలో వెలసిన ఆ విద్యాపీఠము 1930 లో వాల్తేరు మిట్టలకు చేరినది. కొన్నియేండ్లకు దుర్గాబాయిగారు అచ్చట చదువగోరిరి. ఎనిమిదవయేట పెండ్లియై, ఆ బంధమునుండి వెలువడి, ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకేగి వచ్చి, ప్రైవేటుగా పరీక్షలకు కూర్చున్న యువతి ఆమె. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు, స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనజాలమనిరి. ఆమె కన్నీరు పెట్టుకొని ఇంటికి మరలలేదు. చదువగోరు స్త్రీలు తనకు వ్రాయవలసినదని పత్రికలలో ప్రకటన వేయించినది. జాబులు వచ్చినవి. ఆ పిల్లలను కూడగట్టుకొని తామే ఒక వసతి ఏర్పఱచుకొని, “ఇదిగో వసతి, ఇక చేర్చుకొనుడు” అన్నట్లు ఎదుట నిలిచిరి. రెడ్డిగారు కాదనలేకపోయిరి. ఆ దుర్గాబాయిగారే 1942 లో మదరాసున న్యాయశాస్త్ర పట్టము పొంది, పిమ్మట రాజ్యాంగ సభలో కూర్చుండిరి. సోదరీ, ఈ కథ మీ యత్తగారికి మీరు చెప్పవలదు, మనుమరాలిచేత చెప్పించుడు. కోడలు చెప్పిన తర్కమగును, మనుమరాలు చెప్పిన కథయగును.

సముద్రపుటొడ్డున చదువేమిటన్న మాటకు గూడ జవాబున్నది. విశాఖనుండి భీమునిపట్టణము పోవు త్రోవలో, సముద్రమునకెదురుగా తొట్లకొండయని యొక గుట్ట కలదు. రెండువేల యేండ్లకు పూర్వమే అచ్చట బౌద్ధ భిక్షువులు నివసించి ధర్మము చదువుకొనిరి. 1988 మొదలు జరిగిన త్రవ్వకములలో స్తూపములును, వరుసలు వరుసలుగా చిన్న చిన్న గదుల పునాదులును బయటపడినవి. ఒక్కొక్క గది ఒక మనిషి పండుకొని కూర్చుండుటకు మాత్రమే చాలును. వానతో బాటు వంటసాల, భోజనశాల, వాననీరు నిలువచేసిన ఱాతి తొట్లు గూడ కలవు. ఆ తొట్లవలననే కొండకు ఆ పేరు. చదువుకొనువారికి ముందు నీరు, అన్నము, తలదాచుకొనుటకు చోటు కావలెనని ఆ పెద్దలు ఎఱిగియే కొండపై కాపురము పెట్టిరి. సెలవుదినమున పిల్ల అచ్చటికేగిన, తన వసతిగృహపు గది ఇఱుకని మఱెన్నడును ఫిర్యాదు చేయదని మా నమ్మకము!

అచ్చటి చదువుకు ఆటంకములు రాకపోలేదు. 1942 ఏప్రిల్ 6 వ తేదీన జపానువారి విమానములు విశాఖపై బాంబులు వేసినవి. ఊరు ఖాళీయైనది, విశ్వవిద్యాలయము గుంటూరికి తరలిపోయి, కొన్నియేండ్లకు తిరిగి వచ్చినది. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను ఆ ఆవరణలోని మహావృక్షములను కూకటివ్రేళ్ళతో పెకలించినది. దినముల తరబడి ఊరికి దీపములు లేవు. పిల్లలు ఇండ్లకు వెళ్ళిరి, మరల వచ్చి చదువుకొనిరి.

మాకు భయమున్నది మఱొకదానికి. పిల్లను పంపునప్పుడు తల్లి తప్పక చెప్పవలసినది సముద్రస్నానమును గూర్చి. విశాఖ తీరమున ఒడ్డు చూచుచుండగనే లోతగును. పైకి అల నవ్వుచు వచ్చినట్లుండును, అడుగున నీరు కాళ్ళను లోనికి లాగుచుండును. ఈత వచ్చిన మగపిల్లలే స్నేహితుల కన్నులయెదుట కొట్టుకొనిపోయిన వార్తలు పత్రికలలో చదువుచునే యున్నాము. ఇసుకలో కూర్చుండి మరమరాలు తినవచ్చును. మోకాలు దాటి నీటిలో దిగరాదు. ఈ యొక్కమాట ఒట్టు పెట్టించుకొని మఱీ పంపుడు.

ఇక వసతిగృహము. తల్లియో తండ్రియో స్వయముగా పోయి చూడవలెను. స్నానపు గదులెన్ని, పిల్లలెందఱు? వేసవిలో నీరు వచ్చునా? ప్రయోగశాలనుండి సంధ్యవేళ వచ్చు త్రోవలో దీపములున్నవా? జ్వరము వచ్చిన రాత్రి తలుపుతట్టిన పలుకువారెవరు? ఇవి అడుగుటకు మొగమాటపడరాదు. కార్యాలయమున కూర్చున్నవారి మాటకంటె, బట్టలారవేయుచున్న పాత విద్యార్థిని మాట నమ్మదగినది. అచ్చటి గాలిలో తేమ హెచ్చు. ఉప్పు గడ్డకట్టును, అప్పడములు మెత్తబడును, చీరలు ఉదయమునకు గూడ చెమ్మగానే యుండును. వెళ్ళిన మొదటి మాసమున పిల్ల జాబునిండ ఇవే యుండిన, తల్లి గాబరాపడి తిరుగు రైలు ఎక్కింపరాదు.

గొలుసు మాట. దానిని మెడలోనే యుండనిండు. ముందుగా ఉపకారవేతనములను గూర్చి విచారింపుడు. బ్యాంకులు చదువునకు ఋణమిచ్చుచున్నవి. నాలుగు లక్షల రూపాయలలోపునకు సాధారణముగా తాకట్టు అడుగరు, తలిదండ్రులలో ఒకరు పూచీపడి సంతకము చేయవలెను. చదువు ముగిసినపిదపనే వాయిదాలు మొదలగును. వడ్డీ మాత్రము అంతవఱకు నిద్రపోదు గనుక, కావలసినంతకంటె ఒక్క రూపాయియు హెచ్చు తీసికొనవలదు. మగపిల్లవాని చదువునకైన ఇంటివారు పొలము తాకట్టు పెట్టుటకు జంకరు. ఆడపిల్ల చదువునకు మాత్రము తల్లి మెడవైపే అందఱి చూపును ఏల పోవునో మాకిప్పటికిని అర్థము కాదు.

అత్తగారి మాట త్రోసివేయవలసిన పనిలేదు. ఆమెనే వెంటబెట్టుకొని పొండు. రాజమహేంద్రవరమునుండి విశాఖకు రమారమి ఇన్నూరు కిలోమీటర్లు, ఉదయము బండియెక్కిన మధ్యాహ్నమునకు చేరవచ్చును. ముందు సింహాచలమున అప్పన్న దర్శనము చేయింపుడు, తరువాత వసతిగృహము చూపింపుడు. పిల్ల ఎవరి కంటిక్రింద ఉండునో ఆమెయే ఆ పర్యవేక్షకురాలితో ముఖాముఖి మాటలాడి తేల్చుకొనును. ఆమె ఏమనెనో మాకు వ్రాయుట మఱువకుడు. ఆవకాయను మూత గట్టిగా బిగియు సీసాలో పెట్టి, పైన నూనె తేలునట్లు పోసి పంపుడు, ఆ గాలికి బూజు త్వరగా పట్టును.