మామిడి టెంకా, మందు మాత్రా

పిల్లలూ! వేసవి వచ్చిందంటే నూజివీడు తోటల్లో ఎంత సందడో మీకు తెలియనిది కాదు. చిన్నరసాన్ని చేత్తో మెత్తగా నలిపి, మూతి కొరికి, రసం జుర్రుకుని టెంక అవతల పారేస్తారు. ఆ టెంకను ఎప్పుడైనా పగలగొట్టి చూశారా? రాయి పెట్టి కొడితేగాని పగలదు. లోపల జీడి భద్రంగా ఉంటుంది.

మనకు రోగాలు తెచ్చే సూక్ష్మజీవులలో కూడా ఇలాంటి కవచం తొడుక్కున్నవి రెండున్నాయి. ఒకటి కుష్ఠురోగం తెచ్చేది. దాన్ని 1873లో నార్వే దేశపు డాక్టరు హాన్సెన్ కనిపెట్టాడు. రెండవది క్షయ తెచ్చేది. దాన్ని 1882లో జర్మనీలో రాబర్ట్ కాక్ పట్టి చూపించాడు. ఈ రెండూ ఒకే వంశానివి. రెండింటి ఒంటికీ మైనంలాంటి దట్టమైన పూత ఉంటుంది. అంచేత చాలా మందులు వాటిలోకి దూరలేవు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మామూలు సూక్ష్మజీవులు అరగంటలో ఒకటి రెండవుతాయి. క్షయ సూక్ష్మజీవి రెండు కావటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కుష్ఠుది మరీ బద్ధకస్తురాలు, దానికి సుమారు రెండు వారాలు కావాలి! ఇలా మెల్లగా పెరిగే శత్రువును చంపటానికి మందు కూడా నెలల తరబడి వాడాలి.

1952లో ఐసోనియాజిడ్ అనే చవకైన మాత్ర క్షయరోగులకు అందింది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సను పరిశోధించటానికి ఒక కేంద్రం పెట్టారు. అక్కడి డాక్టర్లు 190 మందికి పైగా రోగులను తీసుకుని, కొందరిని ఆస్పత్రిలో ఉంచారు, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఆస్పత్రిలో మంచి తిండీ, విశ్రాంతీ ఉన్నాయి. ఇళ్ళు చూస్తే ఇరుకు, తిండి అంతంతమాత్రం. అయినా ఏడాది తరువాత చూస్తే ఇద్దరికీ దాదాపు ఒకేలాగ నయమయింది! ఇంట్లో రోగి ఉన్నందువల్ల మిగిలినవారికి ప్రమాదం హెచ్చలేదు కూడా. 1959లో ఈ సంగతి లోకానికి తెలిసింది. రోగిని ఇల్లు విడిపించి దూరంగా పంపవలసిన అవసరం తప్పింది.

ఆ కేంద్రంలో పనిచేసినవారిలో పి. ఆర్. జె. గంగాధరంగారు ఒకరు. ఇంటిపేరు పట్టిసపు. వింటేనే మన తెలుగు పేరని తెలిసిపోతుంది. ఆయనా, ఆయన తోటివారూ ఒక ప్రశ్న వేసుకున్నారు: ఒకే మాత్ర మింగిన ఇద్దరి ఒంట్లోనూ మందు ఒకేలాగ నిలుస్తుందా?

మందు ఇచ్చిన కొన్ని గంటలకు రోగుల రక్తం పరీక్షించారు. కొందరిలో మందు బాగా మిగిలి ఉంది. కొందరిలో చాలావరకు ఖర్చయిపోయింది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణం. మన దక్షిణాది రోగులలో సగానికి పైగా మందును నెమ్మదిగా ఖర్చుచేసేవారేనని 1961లో వారు ప్రకటించారు. మందు రోజూ వేసుకుంటే ఈ తేడా అంతగా బాధించదు. వారానికొకసారే ఇస్తే మాత్రం త్వరగా ఖర్చుచేసేవారు నష్టపోతారు.

మరి మాత్ర మరిచిపోయేవారి సంగతేమిటి? గంగాధరంగారు తరువాత అమెరికాలో ఉండగా దీనికీ ఒక ఉపాయం వెతికారు. మెల్లగా కరిగిపోయే పదార్థంలో ఐసోనియాజిడ్‌ను కలిపి చుంచెలుకల చర్మం కింద ఒక్కసారే అమర్చారు. టెంకలో జీడిలాగ దాగి ఉన్న మందు రోజుల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వచ్చి క్షయతో పోరాడింది. దీన్ని 1994లో ప్రకటించారు. మనుషులకు ఈ పద్ధతి ఇంకా వాడుకలోకి రాలేదు.

క్లోఫాజిమిన్ అనే మందు కథ కూడా వినండి. ఐర్లండులో దాన్ని క్షయ కోసం తయారుచేశారు. తీరా చూస్తే కుష్ఠు వైద్యంలో ముందుగా పనికివచ్చింది! 1981 నుంచి కుష్ఠుకు మూడు మందులు కలిపి ఇస్తున్నారు. వాటిలో ఇదొకటి. ఇప్పుడు మొండి క్షయకూ వాడుతున్నారు. రెండు సూక్ష్మజీవులదీ ఒకే వంశమన్నాం గదా!

మొండి క్షయ ఎలా పుడుతుంది? తోటలో తేనెమంచు పురుగుకు సగం సగం మందు కొడితే ఏమవుతుందో మీ నాన్నగారిని అడగండి. గట్టివి మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. క్షయరోగికి నెలా రెండు నెలల్లో దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. "ఇంక మాత్ర లెందుకు?" అనుకుంటాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది!

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోయినా, ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చ కనిపించినా సర్కారు ఆస్పత్రికి వెళ్ళాలి. అక్కడ మందు ఉచితం. రోగిని చూసి దూరంగా జరగకండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి తాతగారుంటే మీరు చేయదగ్గ పని ఒకటుంది. బడికి వెళ్ళబోయే ముందు గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి, "తాతయ్యా, మాత్ర వేసుకున్నావా?" అని అడగండి.