గోడ మీద ఓ నంబరు రాస్తే పోయేదేమిటి?

మా రాజాంలో పిల్లలకి ఉగ్గుపాలతో పట్టే కథ వొకటి వుంది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద బుస్సీ ఫిరంగులు పేలుతూంటే తాండ్ర పాపారాయుడు మా రాజాంలోనే వున్నాడట. కబురు వేళకి అందలేదు. అందేసరికి కోటా లేదు, కోటలో ఆడవాళ్ళూ లేరు. ఆ కథ విన్నప్పుడల్లా మా బామ్మ కళ్ళొత్తుకుని, “ఒక్క కబురు, తల్లీ, ఒక్క కబురు ముందు అందుంటేనా!” అనేది.

రాజాం వాళ్ళకి కబురు ఆలస్యంగా అందడం అప్పటి నుంచీ ఆచారమైపోయిందేమో అని ఈ మధ్య నాకు అనుమానం పట్టుకుంది. ఎందుకో చెబుతాను, వినండి.

మా ఇంటికి పాలు పోసే ఆవిడకి పోయినేడు భర్త పోయాడు. ఆయన పేరు మీదున్న ముప్ఫయి సెంట్ల పొలం తన పేరుకి మార్పించుకోవాలని పాపం నానా తిప్పలూ పడుతోంది. ఒకరోజు పాలచెంబు గుమ్మంలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నాతో అంది:

“అమ్మా, మీ పోనులో ఆ ఆపీసు నెంబరుంటాదేటి? సూసి సెప్పండమ్మా. ఆ బాబు సీట్లో ఉన్నాడో నేడో తెలిస్తే రేపెల్తాను. నేకపోతే మానేత్తాను.”

అప్పటికే మూడుసార్లు వెళ్ళొచ్చింది. గంటన్నర బస్సు ప్రయాణం. మొదటిసారి అయ్యగారు క్యాంపుకి వెళ్ళారట. రెండోసారి సర్వరు పనిచెయ్యలేదట. మూడోసారి మధ్యాహ్నం దాకా కూచోబెట్టి, ‘మళ్ళీ వారం రా’ అన్నారట. ఆ ఆఫీసు పేరెందుకు లెండి, నా ఉద్దేశం వొక్క ఆఫీసుని నిలదియ్యడం కాదు. వెళ్ళిన ప్రతిసారీ గేదెల్ని పక్కింటి వాళ్ళకి అప్పజెప్పాలి. రెండు పూటల వాడుకలూ తప్పుతాయి. వాడుక తప్పితే ఖాతాదారులు తప్పుతారు.

“అదెంత పని, ఇప్పుడే చెబుతానుండు” అన్నాను దర్జాగా. నేను బి.ఏ. చదివినదాన్ని, నాలుగు నవలలు రాసినదాన్ని, చేతిలో పన్నెండు వేల రూపాయల ఫోను వున్నదాన్ని. ఒక్క నంబరు కనుక్కోలేనా?

కనుక్కోలేకపోయానండీ!

ఇంటర్నెట్టులో దొరికిన మొదటి నంబరు ‘మనుగడలో లేదు’. రెండోదానికి చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తి, “నేను ఆ సీటు వదిలి నాలుగేళ్ళయిందమ్మా. రిటైరు కూడా అయ్యాను. అయినా రోజూ నాకే చేస్తున్నారు” అని వాపోయాడు. ఆయన బాధ విని నా బాధ మరిచిపోయాను. మూడోది ల్యాండులైను. మోగింది, మోగింది, మోగుతూనే వుంది. ఎక్కడో ఖాళీ గదిలో, దుమ్ము పట్టిన బల్ల మీద, ఎవరూ పట్టించుకోని పసిపిల్లలా ఏడుస్తూన్నట్టు అనిపించింది నాకు.

సాయంత్రం మావారు రాగానే చెప్పాను. “దీనికింత హైరానా ఎందుకూ?” అని ఆయన ఎవరికో ఫోను చేశారు. ఆ ఎవరో ఇంకెవరికో చేశారు. అయిదు నిమిషాల్లో నంబరు వచ్చింది! మర్నాడు పదిన్నరకి నేనే చేశాను. అవతలి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. “ఆ కాగితం మా దగ్గర లేదమ్మా, వెనక్కి పంపేశాం. మరణ ధ్రువపత్రంలో పేరు తప్పు పడింది. అది సరిచేయించుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమనండి” అన్నాడు. మొత్తం రెండు నిమిషాల మాట.

పాలావిడకి చెబితే కాసేపు పలకలేదు. తర్వాత నెమ్మదిగా, “ఈ రెండు ముక్కలకేనా అమ్మా, నాను మూడుసార్లు ఎల్లింది?” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మూడుసార్లు వెళ్ళినా ఎవరూ చెప్పని మాటని, కుర్చీలోంచి లేవకుండా నేను రెండు నిమిషాల్లో తెలుసుకున్నాను. నా తెలివి వల్ల కాదు. మావారికి వొక ‘ఎవరో’ తెలిసివుండడం వల్ల.

అక్కడే నాకు అసలు సంగతి బోధపడింది. ఆఫీసులకి నంబర్లు లేకపోవడం కాదండీ, అవి మనకి లేకపోవడం! కాంట్రాక్టరు దగ్గర వుంటుంది. వకీలుగారి గుమాస్తా దగ్గర వుంటుంది. ఆఫీసు ఎదురుగా టీకొట్టులో కూచుని ‘పనులు చేయించే’ పెద్దమనిషి దగ్గర తప్పకుండా వుంటుంది. అసలు అతని బతుకుతెరువే అది. నంబరు గోడ మీదికి ఎక్కిన రోజు అతని కొట్టు మూతపడుతుంది. దాచిపెట్టిన నంబరుకి వెల వుంటుంది, రాసిపెట్టిన నంబరుకి వుండదు. ఆ వెల కట్టేది ఎవరో మీకు వేరే చెప్పాలా?

“ఇప్పుడు బస్సు ఉచితమే కదా, వెళ్ళిరావడానికేం?” అన్నారొకరు నాతో. నిజమే. 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీశక్తి’ పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. సంతోషమే, కాదనను. కానీ బస్సు ఉచితమైతే ఆడదాని రోజు కూడా ఉచితమేనా? పోయిన కూలి ఎవరిస్తారు? ఇంటి దగ్గర పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ప్రయాణానికి డబ్బు తీసుకోవడం మానేసిన సర్కారువారు, ఆ ప్రయాణమే అక్కర్లేకుండా చేసే పది అంకెలు గోడ మీద రాయలేరా?

మా రాజాం వాళ్ళకి ఈ బాధ మరీ ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పంచినప్పుడు మమ్మల్ని శ్రీకాకుళం నుంచి తీసి విజయనగరం జిల్లాలో కలిపారు. విజయనగరం ప్రభువుని పొడిచిన పాపారాయుడి వూరు, 265 ఏళ్ళకి విజయనగరం జిల్లాలో చేరింది! చరిత్రకి కూడా హాస్యం తెలుసన్నమాట. అంతవరకూ మాది పాలకొండ రెవెన్యూ డివిజను, ఆ తర్వాత చీపురుపల్లి. పాలకొండేమో పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్ళింది. పోనీ కోర్టులూ వాటితోనే కదిలాయా అంటే, రెవెన్యూ జిల్లాలు మారినంత మాత్రాన కోర్టుల జిల్లాలు మారలేదు. అంటే పొలం కాగితానికి ఒక వైపు, పొలం తగాదాకి ఇంకో వైపు చూడాలి. ఒకదానికి 08922తో మొదలయ్యే నంబరు వెతకాలి, రెండోదానికి 08942తో మొదలయ్యేది. వూరు రాత్రికి రాత్రి జిల్లా మారిపోయింది గానీ, జనం డైరీల్లోని నంబర్లు మాత్రం పాత కాపురంలోనే వుండిపోయాయి.

ఫిర్యాదు నంబరు సంగతి చూడండి. అంతకుముందు 1100 అన్నారు. 2023 మేలో ‘జగనన్నకు చెబుదాం’ అని 1902 అన్నారు. ప్రభుత్వం మారింది, మళ్ళీ 1100 అంటున్నారు. గోడలకి రంగులు మార్చుకోండి, పథకాలకి పేర్లు మార్చుకోండి, మీ ఇష్టం. ఫోను నంబరు కూడా మార్చాలా? అత్త మారిందని కోడలు ఇంటి తాళం మారుస్తుందా?

“నంబరు బయట పెడితే రోజంతా ఫోన్లే. ఇంక పనేం చేస్తాం?” అంటారు ఉద్యోగులు. అయ్యా, ఆ ఫోను చేసేవాళ్ళే ఇప్పుడు మీ బల్ల ముందు బారులు తీరి నిలబడుతున్నారు కదా! మనిషితో మాట్లాడే పది నిమిషాలు ఫోనులో రెండు నిమిషాలవుతాయి. రోజంతా ఎత్తనక్కర్లేదు. పదకొండు నుంచి పన్నెండు దాకా అని గంట పెట్టండి, చాలు.

“అధికారులు బదిలీ అయిపోతూంటారు, ఎవరి నంబరని రాస్తాం?” అని ఇంకో ప్రశ్న. మనిషి నంబరు ఎవరడిగారు? కుర్చీ నంబరు అడుగుతున్నాం. ప్రభుత్వం ఇచ్చే సిమ్ము సీటుతోబాటు వుండాలి. మనిషి వెళ్ళేటప్పుడు బీరువా తాళాలు ఇచ్చినట్టు దాన్ని కూడా అప్పజెప్పి వెళ్ళాలి.

“అంతా ఆన్‌లైనులో వుందిగా!” అనేవాళ్ళతో నాకు మరీ పేచీ. వుంది, పక్కనే దొంగ నంబర్లు కూడా వున్నాయి. ఆఫీసు పేరు పెట్టుకుని కాచుకుని కూచుంటారు. మనం ఫోను చెయ్యగానే ‘పది రూపాయలు పంపండి’ అంటారు, ఖాతా వూడ్చేస్తారు. అలా మోసపోయినవాళ్ళు చెప్పుకోవడానికి 1930 అనే నంబరు పెట్టాల్సి వచ్చిందంటే చూడండి. నిజమైన నంబరు నోరు మూసుకుంటే అబద్ధపు నంబరు గొంతు పెంచుతుంది.

కోర్టుల మాట వేరని నాకూ తెలుసు. జడ్జిగారికి ఫోను చేసి మాట్లాడాలని నేననడం లేదు. అది తప్పు, ఎవరూ చెయ్యకూడదు. కానీ వాయిదా ఎప్పుడో, రేపు కోర్టు వుందో లేదో అడగడం తప్పెలా అవుతుంది? ఈ విషయంలో మాత్రం కోర్టుల్నే మెచ్చుకోవాలి. ‘ఈ-కోర్ట్స్’ అని యాప్ వుంది. ప్రతి కేసుకీ అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు స్థానాల సి.ఎన్.ఆర్. నంబరొకటి ఇస్తారు. అది కొడితే వాయిదా తేదీ కనిపిస్తుంది. వకీలుగారిని అడిగి ఆ నంబరు రాసిపెట్టుకోండి. వకీలుని పెట్టుకునే స్తోమతు లేకపోతే 15100కి చెయ్యండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఉచిత సహాయానికి ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేదు. మనమంతా చదువుకున్నవాళ్ళమే. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇంకో సంగతి తెలిస్తే మీకు నాకు వచ్చినంత కోపం వస్తుంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనులో, ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ ఎవరూ అడక్కుండానే ప్రకటించాల్సిన పదిహేడు అంశాలున్నాయి. అధికారుల, ఉద్యోగుల డైరెక్టరీ అందులో వొకటి. సమాచార అధికారి పేరు, హోదా, వివరాలు ఇంకొకటి. దానికి 120 రోజులు గడువిచ్చారు. అంటే 2005 అక్టోబరు నాటికి పూర్తి కావాలి. నోటీసు బోర్డు మీద పెట్టాలి, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలి అని కూడా చట్టమే చెబుతోంది. కనక మనం అడుగుతున్నది దయాభిక్ష కాదు. ఇరవై ఏళ్ళ పాత బాకీ!

బాకీ వసూలు మగవాళ్ళ పని అని వూరుకోకండి. పాలవాడి లెక్క, చీటీపాట లెక్క పైసాతో సహా వసూలు చేసేది మనమే కదా! ఈసారి పన్ను కట్టడానికో, సర్టిఫికెట్టుకో ఏ ఆఫీసుకి వెళ్ళినా ఒక్కసారి గోడకేసి చూడండి. నంబరు వుంటే అక్కడే చేసి చూడండి, బల్ల మీద మోగుతుందో లేదో తెలుస్తుంది. లేకపోతే తెల్లకాగితం మీద, ‘మీ నాలుగో సెక్షను డైరెక్టరీ ఇప్పించగలరు’ అని దరఖాస్తు రాసివ్వండి. గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. ముప్ఫయి రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. మీటరు పూల ఖరీదు కూడా కాదు. ఒక్కరం అడిగితే ‘ఎవరీవిడ?’ అంటారు. వీధికొకరం అడిగితే గోడకి సున్నం వేయించి మరీ రాయిస్తారు.

మొన్న పాలావిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడకి చదువు రాదు. గేదెల శాల గోడ మీద మనవరాలి చేత బొగ్గుతో ఆ ఆఫీసు నంబరు రాయించుకుంది. ఒక్కొక్క అంకె బెత్తెడేసి వుంది. “మా ఈదిలో ఆడోళ్ళంతా వొచ్చి సూసుకుపోతన్నారమ్మా” అంది గర్వంగా.

అంతంత జీతాల ఆఫీసు రాయలేని నంబరు గేదెల శాల గోడ మీద వుంది. సిగ్గుపడాల్సిందెవరో మీరే చెప్పండి!