మందు పట్టే చేతి మాటేమిటి?

"మందులు క్రమం తప్పకుండా వాడాలి" అని మనం ఎన్ని సమావేశాల్లో చెప్పామో! ఆ క్రమం తప్పకుండా చూస్తున్నది ఎవరో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో నాకు తెలిసిన అమ్మమ్మ ఉంది. కూతురు గర్భవతిగా ఉన్నప్పుడు హెచ్ఐవి ఉందని తెలిసింది. భర్తకూ ఉన్నా, అత్తింటివారు నింద కోడలి మీదే వేసి, కాన్పు కాగానే బిడ్డతో సహా పుట్టింటికి పంపేశారు.

పుట్టిన రోజు నుంచి 6 వారాలు బిడ్డకు నెవిరాపిన్ సిరప్ పట్టాలి. 6వ వారంలో రక్తపరీక్ష చేయించి, కోట్రైమాక్సజోల్ మొదలుపెట్టాలి. 18 నెలలకు ఆఖరి పరీక్ష. తల్లికి జీవితాంతం మాత్రలు. అమ్మమ్మకు చదువు రాదు. నర్సు సిరంజి మీద గోళ్లరంగుతో గీత పెట్టిస్తే, దాన్నిబట్టి మందు పట్టేది. సీసా బియ్యం డబ్బాలో దాచేది. ఎవరైనా చూస్తే దగ్గు మందనేది.

మిరపకోతల రోజుల్లో రెండు రోజులు ఆలస్యంగా మందులకు వెళ్తే, "బిడ్డకంటే కూలి ఎక్కువైందా?" అని కసిరారట. "కూలికి పోకపోతే బాలింతకు తిండెట్లా తల్లీ? తిండి లేకుండా ఆ మాత్రలు మింగగలదా?" అని ఆమె నన్నడిగింది. నేనేం చెప్పగలను? అలాంటి ఇళ్ల గురించి రిజిస్టర్లో "నిర్లక్ష్యం" అని రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

చికిత్స లేకపోతే తల్లినుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. ఇద్దరికీ మందులు సరిగా అందితే 5 శాతం లోపే. మందు ప్రభుత్వం ఇస్తోంది, నిజమే. దాన్ని బిడ్డ నోటిదాకా చేరుస్తున్నది ఇంటి ఆడవాళ్ల జీతంలేని చాకిరీ.

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం వివక్షను నిషేధించింది. 18 ఏళ్లలోపు బాధిత పిల్లలకు ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. ఆ హక్కు గురించి ఈ అమ్మమ్మకు ఎవరూ చెప్పలేదు. మనమూ చెప్పలేదు. బిడ్డ తండ్రి బాధ్యతేమిటని ఎవరూ అడగలేదు.

బిడ్డకు సోకలేదని 18 నెలల పరీక్షలో తేలింది. రిజిస్టర్లో టిక్కు పడింది. అమ్మమ్మ పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోనూ లేదు.

ఆ కూలికి పరిహారం, వీలైనన్ని నెలల మందు ఒకేసారి, ఊరికి దగ్గరలో ఇవ్వాలని మనం గట్టిగా అడగాలి. ఈసారి ఎవరినైనా "ఎందుకు రాలేదు?" అని నిలదీసేముందు, వస్తే ఆ రోజు ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుందో లేదో కనుక్కుందాం.