ఓటుకి కాపలా ఎవరు?



మొన్న స్టడీ అవర్‌లో వాదన జరిగింది. "సమితి శాంతి సైన్యం ఉత్తుత్తిదే, నీలం టోపీలు పెట్టుకుని నిలబడటమే దాని పని" అని పదో తరగతి అన్నయ్య ఒకరు అన్నాడు. నేను అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తూర్పు తిమోర్ గురించి చదివాక ఇప్పుడు రాస్తున్నాను.

అది ఇండోనేషియా దీవుల చివర, ఒక దీవిలో సగం. చాలావరకు కొండలే. పోర్చుగీసువాళ్ళు ఏలారు, 1975లో ఇండోనేషియా సైన్యం దిగింది, 24 ఏళ్ళు వదల్లేదు. 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్యసమితి అక్కడ ఓటింగు పెట్టింది. ఇండోనేషియాలోనే స్వయంపాలనతో ఉంటారా, వద్దా? వద్దంటే స్వతంత్రమే. మిలీషియా ముఠాలు ముందునుంచే బెదిరించాయి. అయినా జనం తెల్లారకముందే వచ్చి లైను కట్టారు. నూటికి 98 మంది పైనే ఓటేశారు. వాళ్ళలో 78.5 శాతం స్వతంత్రం కావాలన్నారు.

ఇక్కడే నాకు కోపం. ఆ మే నెల ఒప్పందంలో కాపలా పని ఇండోనేషియా పోలీసులకే ఇచ్చారు. కోళ్ళకి నక్కని కాపలా పెట్టినట్టే కదా! సమితి పోలీసుల దగ్గర తుపాకులు కూడా లేవు. సెప్టెంబరు 4న ఫలితం చెప్పగానే ముఠాలు, వెనక సైన్యం, ఊళ్ళు తగలబెట్టాయి. వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. రాజధాని దిలీలో సమితి ఆఫీసు పక్క బడిలో దాక్కున్న జనం ముళ్ళకంచె మీదనుంచి పసిపిల్లల్ని లోపలికి అందించారు. సిబ్బందిని వెళ్ళిపొమ్మని ఆర్డరు వస్తే, కొందరు "వీళ్ళని వదిలి రాము" అని ఉండిపోయారు. సెప్టెంబరు 14న ఆ జనాన్ని కూడా విమానాల్లో ఆస్ట్రేలియా తీసుకుపోయారు. తుపాకి లేనివాళ్ళ ధైర్యం అది. దాన్ని ఉత్తుత్తిది అంటే నేను ఒప్పుకోను.

సెప్టెంబరు 20న ఆస్ట్రేలియా ముందుండి తెచ్చిన సైన్యం దిగింది. తర్వాత సమితే రెండున్నరేళ్ళు పాలించి (పెద్ద కుర్చీలన్నీ విదేశీయులకే అని అక్కడివాళ్ళు గొణిగారు, అదీ నిజమే) 2002 మే 20న దేశాన్ని వాళ్ళకి అప్పగించింది.

ఓటే పెట్టకుండా ఉండాల్సిందని నా పక్క బెంచీవాడు అంటాడు. కాదు. 24 ఏళ్ళకి వచ్చిన అవకాశం, మళ్ళీ వచ్చేదో రాదో. కానీ ఊళ్ళు కాలాక పెద్ద దేశాలు గట్టిగా అడిగితే, ఫలితం చెప్పిన ఎనిమిదో రోజుకే ఇండోనేషియా బయటి సైన్యానికి ఒప్పుకుంది. అదే గట్టిగా ఆగస్టులో ఎందుకు అడగలేదు?

అన్నయ్యా, కింద సగం కాగితం ఖాళీగా వదిలాను. నీ జవాబు అక్కడ రాయి.

– 9వ తరగతి విద్యార్థి