మంచును తూచే త్రాసు

మేము తెలుగు బోధించేవారం. భౌతికశాస్త్రం మా విద్య కాదు. ఈ సంచికకు ఏ ప్రబంధ కవి ఋతువర్ణననో గురించి వ్రాయవలసిన మేము ధ్రువప్రాంతాల మంచును గురించి వ్రాయబూనడానికి ఒక బి.ఏ. విద్యార్థి కారకుడు. తరగతి ముగిసిన పిమ్మట అతడు మా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, గ్రీన్‌లాండులో ఏటా ఇన్ని వేల కోట్ల టన్నుల మంచు కరుగుతున్నదని పత్రికలలో వ్రాస్తున్నారు గదా, దానిని తూచినవారెవరు? ఏ కాటా మీద పెట్టినారు?" అని అడిగినాడు. ప్రక్కనున్న పిల్లలు నవ్వినారు. మాకు నవ్వు రాలేదు, ఏలనగా జవాబు మాకును తెలియదు. అడుగకుండా నమ్మేవారికంటె, అడుగకుండానే అబద్ధమని కొట్టివేసేవారికంటె ఆ పిల్లవాడు మేలని మా అభిప్రాయం. ఆ తరువాత కొన్ని నెలలపాటు మేము చదివి తెలుసుకున్నది ఇక్కడ విన్నవిస్తున్నాము.

కాటా ఉన్నది. ఉర్దూవారి తరాజు, మన త్రాసు ఒక్క ఇంటి బిడ్డలే అయినట్లు, ఈ త్రాసుకు కూడా రెండు జంట తట్టలు ఉన్నవి. 2002 మార్చి 17న రష్యాలోని ప్లెసెట్స్క్ నుండి అమెరికా, జర్మనీ దేశాలు కలసి రెండు ఉపగ్రహాలను పంపినవి. వాటికి గ్రేస్ అని పేరు. శాస్త్రజ్ఞులు ముద్దుగా టామ్, జెర్రీ అని పిలుచుకున్నారట. భూమికి సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున, ఒకదాని వెనుక ఒకటి 220 కిలోమీటర్ల ఎడంతో ఇవి ప్రదక్షిణం చేసినవి. క్రింద పెద్ద బరువు ఉన్నచోట దాని ఆకర్షణకు ముందున్న ఉపగ్రహం కొంచెం ముందుకు లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది. దాటిపోగానే అదే బరువు దానిని వెనుకకు లాగుతుంది, వెనుకనున్నదానిని ముందుకు లాగుతుంది, ఎడం తగ్గుతుంది. ఈ తేడాను తలవెంట్రుక మందంలో ఎన్నోవంతు వరకు కొలిచినారు. నెలనెలా అదే చోటును తూచి చూస్తే, నిరుటికంటె ఈ ఏడు ఆకర్షణ తగ్గినదంటే అక్కడి బరువు తగ్గినదన్నమాట. ఈ లెక్కన గ్రీన్‌లాండు ఏటా సగటున సుమారు 27,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా సుమారు 15,000 కోట్ల టన్నులు కోల్పోతున్నవని తేలినది. 36,000 కోట్ల టన్నుల మంచు కరిగి కలిస్తే ప్రపంచ సముద్రమట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది.

ఈ త్రాసు మన బావులను కూడా తూచినది. 2002 నుండి 2008 వరకు రాజస్థాన్, పంజాబ్, హర్యానాలలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయినదని 2009లో దీని ఆధారంగానే ప్రకటించినారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థి ముఖంలో అపనమ్మకం సగం తొలగినది.

మిగిలిన సగం తొలగకపోవడమే మంచిదయినది. ఏలనగా త్రాసు ఒక్కటే చాలదు. మంచు క్రింది రాతినేల కూడా కదులుతుంది. పూర్వపు మంచుయుగపు భారం తొలగినందున నేల నేటికీ మెల్లగా పైకి లేస్తున్నది. ఆ లేచే నేల బరువును తీసివేయకుంటే లెక్క తప్పుతుంది. దానిని తీసివేయడానికి ఒక గణిత నమూనా కావాలి. రెండవ పద్ధతి ఎత్తును కొలవడం. 2018లో ఎగిరిన ఐస్‌శాట్-2 సెకనుకు పదివేల లేసరు స్పందనలతో మంచు ఎత్తును చదువుతున్నది. కాని పెరిగిన ఎత్తు నిన్న కురిసిన మెత్తని హిమమా, గట్టిపడిన మంచా అన్నదానిని బట్టి బరువు మారుతుంది. ఇక మూడవది జమాఖర్చుల పద్ధతి: కురిసిన హిమం జమ, సముద్రంలోకి జారిన మంచు ఖర్చు. ఖర్చును రాడార్ ఉపగ్రహాలు చెబుతాయి. జమను చాలావరకు వాతావరణ నమూనాలే చెప్పాలి. కాబట్టి "కొలత నిజం, నమూనా ఊహ" అని గీత గీసి విడదీసేవారితో మేము ఏకీభవించలేము. కొలతలోనే నమూనా కలసి ఉన్నది.

2015లో నాసాకు చెందిన జ్వాలీ బృందం, తూర్పు అంటార్కిటికాలో ఎత్తు స్వల్పంగా పెరగడాన్ని గట్టి మంచుగా లెక్కించి, ఖండం మొత్తంమీద బరువు పెరుగుతున్నదని ప్రకటించినది. వాదోపవాదాలు చెలరేగినవి. శాస్త్రం బోగస్ అన్నవారికి అది పండుగ అయినది. జరిగినదేమిటి? వేర్వేరు పద్ధతులవారు తమ లెక్కలను ఒక్కచోట పరచి సరిపోల్చుకున్నారు. అట్టి ఉమ్మడి లెక్క 2023లో వెలువడినది: 1992 నుండి 2020 వరకు రెండు ధ్రువాల మంచుపలకలు కలసి 7,56,000 కోట్ల టన్నులు కోల్పోయినవి; సముద్రం 21 మిల్లీమీటర్లు పెరిగినది. మరి 2021 నుండి 2023 వరకు అసాధారణ హిమపాతం వల్ల అంటార్కిటికా కొంత బరువు పుంజుకున్నదని కూడా అదే ఉపగ్రహాల త్రాసు చూపినది. ఏ వైపు మొగ్గితే ఆ వైపే చూపే త్రాసును మేము నమ్ముతాము.

ఇక్కడ ఒక మాట. 1981 డిసెంబరులో గోవా నుండి బయలుదేరిన తొలి భారతీయ అంటార్కిటికా యాత్రకు నాయకుడు సయ్యద్ జహూర్ ఖాసిం. తరువాత జామియా మిల్లియాకు ఉపాధ్యక్షులయినారు. మన విద్యార్థులలో ఈ పేరు తెలిసినవారెందరు? ఆ తరువాత మనవారు అక్కడ నిర్మించిన దక్షిణ గంగోత్రి స్థావరం మంచులో పూడుకుపోగా 1990లో దానిని విడిచిపెట్టినారు. ఆ గుమ్మం ముందు నిలుచున్నవాడు మంచు పెరుగుతున్నదనే ప్రమాణం చేసి ఉండును. అతడు చూసినది అబద్ధం కాదు, అది ఒక్క చోటు మాత్రమే. పడమటి అంటార్కిటికాలో త్వెయిట్స్ హిమానీనదం కరుగుతుంటే ఇక్కడ పూడుకుపోవడానికి అడ్డేమీ లేదు.

రాబోయే కాలాన్ని గురించి చెప్పే నమూనాల సంగతి మరింత చిక్కు. 1978లో జాన్ మెర్సర్ అనే శాస్త్రజ్ఞుడు, అంటార్కిటికా ద్వీపకల్పం అంచున తేలే మంచు అరుగులు ఉత్తరం నుండి దక్షిణంగా విరగడం మొదలయితే అది ప్రమాదసూచన అని వ్రాసినాడు. ఆనాడు విన్నవారు తక్కువ. 2002లో లార్సెన్-బి అనే అరుగు, 3,250 చదరపు కిలోమీటర్లది, అయిదు వారాలలో ముక్కచెక్కలయినది. దాని వెనుకనున్న హిమానీనదాలు తలుపు తీసినట్లు వేగం పుంజుకున్నవి. అప్పటి నమూనాలలో ఈ వేగం లేదు. అందువల్ల 2007లో అంతర్జాతీయ వాతావరణ సంఘం శతాబ్దాంతానికి 18 నుండి 59 సెంటీమీటర్లని చెబుతూ, మంచు ప్రవాహంలో రాగల ఆకస్మిక వేగాన్ని ఇందులో చేర్చలేదని అక్కడే వ్రాసుకున్నది. ఆ షరతును చదివినవారు కొద్దిమంది. అంకెను వల్లించినవారు కోకొల్లలు. 2016లో మరొక నమూనా మంచు గోడలు వరుసగా కూలుతాయని ఊహించి, అంటార్కిటికా ఒక్కటే మీటరుకు పైగా పెంచగలదన్నది. దానిని రచించినవారే 2021లో ఆ అంకెను తగ్గించుకున్నారు. అదే ఏడు సంఘం చెప్పినది, ఉద్గారాలను బట్టి 28 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు వరకు అని; రెండు మీటర్ల దరికి పోయే అవకాశాన్ని కూడా కాదనలేమన్నది.

ఇంత ఎడమున్న అంకెలను చూపి "వారికే తెలియదు" అని చేతులు దులుపుకొనడం మాకు సమ్మతం కాదు. వరద ఎనిమిది అడుగులా, పన్నెండు అడుగులా తెలియదని గట్టు వేయకుండా కూర్చున్న రైతు ఎవడూ లేడు. అట్లని ఉప్పాడ వద్ద కోసుకుపోయిన ప్రతి గజం ఒడ్డునూ ధ్రువాల మంచుకు అంటగట్టడం కూడా సత్యం కాదు. నదుల ఒండ్రు ఆనకట్టల వెనుక నిలిచిపోవడం వంటి కారణాలు అందులో ఉన్నవి. కాని దూరమని తప్పించుకొనలేము. గ్రీన్‌లాండు మంచు తన బరువుతో చుట్టూ ఉన్న సముద్రజలాన్ని దగ్గరకు లాగుకొని ఉన్నది. ఆ మంచు కరిగితే దాని ఒడ్డున నీరు తగ్గుతుంది; మన వంటి దూరపు ఉష్ణమండల తీరాలలో సగటుకంటె కొంత ఎక్కువ పెరుగుతుంది. మొన్న 2025 జూలై 30న మన శ్రీహరికోట నుండి ఎగిరిన నిసార్ ఉపగ్రహం పన్నెండు దినాలకొకసారి ఆ మంచుపలకల కదలికను చీకటిలోను, మబ్బులలోను చూడగల రాడార్‌తో కొలుస్తుంది.

మమ్మల్ని ఎక్కువ బాధించినది మరొక విషయం. గ్రేస్ 2017 అక్టోబరులో పని ముగించినది. దాని వారసులు 2018 మే 22న గాని పైకి పోలేదు. నడుమ నెలల తూకం సూటిగా లేదు. ఎన్ని కోట్లు పోసినా ఆ నెలలను ఇప్పుడు తూచలేము.

మన కళాశాల ఆవరణలో, గ్రంథాలయం వెనుక, ఒక వర్షమాపకం ఉన్నది. అందరూ చాచా అని పిలిచే వృద్ధ అటెండరు ప్రతిదినం చూచి రిజిస్టరులో వ్రాసేవారు. వారు పదవీ విరమణ చేసిన పిదప ఆ పుటలు ఖాళీగా ఉన్నవి. మేము చూచినప్పుడు మాపకంలో వేపాకులు నిండి ఉన్నవి. దానిని శుభ్రపరచి, రుతుపవనం రాకముందే తిరిగి నెలకొల్పడానికి కళాశాల కమిటీవారు అనుమతి దయచేయవలెనని కోరుతున్నాము. కొత్త రిజిస్టరు ఖర్చు మేము భరిస్తాము. ఉదయం ఎనిమిదిన్నరకు వచ్చి కొలత వ్రాయడానికి, కాటా ఏదని అడిగిన ఆ విద్యార్థి ఒప్పుకున్నాడు. సెలవు దినాలకు మాత్రం మరొకరు కావాలి.